కన్నవారిలో ఒకరి నుంచే బిడ్డకు హాని: చట్టం చూపే దారులు

పిల్లల సంరక్షణకు సంబంధించిన భారతీయ చట్టాలు ఏ కాలంలో వచ్చినవైనా, ఏ మతస్థులకు వర్తించేవైనా, ఒక సూత్రం దగ్గర కలుస్తాయి. తల్లికి ఎంత హక్కు, తండ్రికి ఎంత హక్కు అని తేల్చడానికి ముందు బిడ్డ క్షేమం ఎవరి దగ్గర ఉందో న్యాయస్థానం తేల్చుకోవాలన్నదే ఆ సూత్రం. 1890 నాటి సంరక్షకులు, సంరక్షితుల చట్టం 17వ సెక్షన్‌లోనూ, 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 13వ సెక్షన్‌లోనూ ఇదే కనిపిస్తుంది. సూత్రం ఇంత స్పష్టంగా ఉన్నప్పటికీ గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ వంటి సింగరేణి ప్రాంతాలలో భార్యాభర్తల తగాదా పోలీసు స్టేషన్‌కో పెద్దమనుషుల ముందుకో చేరినప్పుడు, బిడ్డ తిన్న దెబ్బలు ఆ ఫిర్యాదు చివర ఒక వాక్యంగా మిగిలిపోతుంటాయి. కట్నం, తాగుడు, అనుమానం, భార్యను కొట్టడం అన్నీ వివరంగా రాసిన కాగితంలో పిల్లవాడి చేయి ఎట్లా విరిగిందన్నది ఒక్క ముక్కలో తేలిపోతుంది.

దీనివల్ల కలిగే నష్టం చిన్నది కాదు. భర్త, అతని బంధువులు పెట్టే క్రూర హింసను శిక్షించే భారతీయ న్యాయ సంహిత 85వ సెక్షన్, అంటే 2024 జులై 1 వరకు అమలులో ఉన్న శిక్షాస్మృతిలోని 498-ఎ, పూర్తిగా భార్యకు జరిగే హానికి సంబంధించినదే గనుక, బిడ్డకు జరిగిన హాని దాని పరిధిలోకి రాదు. బిడ్డను కాపాడే సెక్షన్లు వేరే చట్టాలలో ఉన్నాయి. వాటిని అమలు చేసే అధికారులు వేరు, గడువులు వేరు, కోరగల ఉత్తర్వులు వేరు. కాబట్టి బిడ్డకు జరిగిన హానిని తేదీతో, గాయంతో, చూసినవారి పేర్లతో విడిగా రాయడం తల్లి గాని, తండ్రి గాని, తాత గాని చేయవలసిన మొదటి పని.

ఈ ప్రాంతంలో ఆ పనికి అడ్డుపడేది చట్టం తెలియకపోవడం ఒక్కటే అనుకోవడం పొరపాటు. సింగరేణి కాలరీస్ కంపెనీలో రాష్ట్ర ప్రభుత్వానికి 51 శాతం, కేంద్ర ప్రభుత్వానికి 49 శాతం వాటా ఉంది; కంపెనీ ఉద్యోగి కుటుంబానికి జీతం, క్వార్టరు, ఆసుపత్రి, కొన్నిచోట్ల పిల్లల బడి కూడా ఆ ఒక్క ఉద్యోగి పేరు మీదనే నడుస్తాయి. కేసు పెడితే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే క్వార్టరు పోతుంది, క్వార్టరు పోతే పిల్లల చదువు పోతుందన్న వరుస భయం చాలామంది తల్లుల నోరు కట్టేస్తుంది. ఈ భయానికి సూటిగా జవాబు చెప్పే చట్టం ఒకటి ఉంది గాని, గనుల కాలనీలలో దాని పేరు వినిపించినంతగా దాని లోపలి సెక్షన్లు వినిపించవు.

అది 2005లో పార్లమెంటు ఆమోదించగా 2006 అక్టోబరు 26 నుంచి అమలులోకి వచ్చిన గృహ హింస నుంచి మహిళల రక్షణ చట్టం. దీని 12వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు ముందు వేసే దరఖాస్తు ప్రధానంగా సివిల్ స్వభావం గలది. ఆ దరఖాస్తు వేసినంత మాత్రాన ఎవరినీ అరెస్టు చేయరు, ఎవరిమీదా నేరం మోపినట్టు కాదు. మెజిస్ట్రేటు ఇచ్చిన రక్షణ ఉత్తర్వును అవతలివారు ఉల్లంఘించినప్పుడే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడే నేరం పుడుతుంది. ఉద్యోగానికి ముప్పు రాకుండా బిడ్డకు రక్షణ కోరుకునే తల్లికి ఈ తేడా ఎంతో ముఖ్యమైనది. ఆమె కోరుతున్నది శిక్షను కాదు, హద్దును; ఆ హద్దును గౌరవించడమో దాటడమో అవతలి వ్యక్తి చేతిలోనే ఉంటుంది.

ఈ చట్టంలో బిడ్డ అంటే 18 ఏళ్లలోపు వ్యక్తి. దత్తబిడ్డ, సవతి బిడ్డ, పెంపుడు బిడ్డ కూడా అందులోకి వస్తారు. కూతురికి హాని జరిగితే ఆమె పేరుతోనే దరఖాస్తు వేయవచ్చు. కొడుకు విషయంలో తల్లి తన దరఖాస్తులోనే అతని కోసం ఉత్తర్వులు కోరవలసి ఉంటుంది. 18వ సెక్షన్ కింద ఇచ్చే రక్షణ ఉత్తర్వులో హింస మానమని ఆదేశించడంతో పాటు, బాధితురాలు బాలిక అయితే ఆమె చదివే బడిలోకి అడుగుపెట్టవద్దని కూడా నిషేధించవచ్చు. 21వ సెక్షన్ కింద బిడ్డను తాత్కాలికంగా తల్లి కస్టడీలో ఉంచవచ్చు. అవతలివారు వచ్చి కలవడం బిడ్డ ప్రయోజనాలకు హానికరమని మెజిస్ట్రేటు భావిస్తే ఆ కలయికకు అనుమతి నిరాకరించి తీరాలని అదే సెక్షన్ చెబుతుంది. కస్టడీ ఉత్తర్వు ఒక్కదాన్నే ఒంటరిగా కోరేందుకు ఈ సెక్షన్ వీలివ్వదు, రక్షణ ఉత్తర్వో మరొక ఉపశమనమో కోరుతున్న దరఖాస్తులో భాగంగానే దాన్ని అడగాలి. ఈ చిన్న మెలిక తెలియక, దరఖాస్తులో మనోవర్తి మాత్రమే రాసి పిల్లల కస్టడీ మాట మరిచిపోవడమూ, కస్టడీ కోసం వేరే కోర్టు చుట్టూ తిరగడమూ జరుగుతుంటాయి.

దరఖాస్తు వచ్చాక మొదటి విచారణ తేదీ మామూలుగా మూడు రోజులు దాటకూడదనీ, మొదటి విచారణ నుంచి 60 రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలనీ చట్టం చెబుతుంది. ఆచరణలో 60 రోజుల మాట నిలబడడం అరుదే. అందుకే 23వ సెక్షన్‌కు విలువ ఎక్కువ: ప్రమాణపత్రం చూసి, హింస జరిగిందనో జరిగే అవకాశం ఉందనో నమ్మకం కలిగితే, అవతలి పక్షం వాదన వినకముందే మెజిస్ట్రేటు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వవచ్చు, అందులో పిల్లల కస్టడీ కూడా ఉండవచ్చు. ఉత్తర్వు ప్రతులను ఇరుపక్షాలకు, ఆ ప్రాంత పోలీసు స్టేషన్ అధికారికి ఉచితంగా అందజేయాలి. దరఖాస్తును ఈ చట్టం కింద నియమితులైన రక్షణాధికారి ద్వారా పంపవచ్చు. ఆయన తయారుచేసే గృహ హింస సంఘటన నివేదిక కేసుకు బలమే గాని, అది లేకుండా మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వడానికి వీల్లేదన్న వాదనను సుప్రీంకోర్టు 2022 మే నెలలో తోసిపుచ్చింది. గోదావరిఖనిలో మెజిస్ట్రేటు కోర్టు ఉన్నందున దీనికోసం జిల్లా కేంద్రమైన పెద్దపల్లి దాకా పోవలసిన అవసరం సాధారణంగా రాదు.

క్వార్టరు విషయం కాస్త లోతుగా చూడవలసినది. 19వ సెక్షన్ కింద ఇచ్చే నివాస ఉత్తర్వు, భార్య, పిల్లలు ఉంటున్న ఇంటి నుంచి వారిని వెళ్లగొట్టకుండా ఆపుతుంది. అవసరమైతే హింసకు పాల్పడే పురుషుణ్ణే ఆ ఇంటి నుంచి తొలగిపొమ్మంటుంది. ఇంటిమీద అతనికి యాజమాన్య హక్కు ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్న కాదు గనుక కంపెనీ క్వార్టరు కూడా ఉమ్మడి గృహంగా పరిగణించదగినదే. అయితే ఆ ఉత్తర్వు భార్యాభర్తల మధ్య పనిచేస్తుందే గాని కంపెనీకి ఉన్న యాజమాన్యాన్ని తొలగించదు; ఉద్యోగి రిటైరైనా, తొలగింపునకు గురైనా క్వార్టరు ఖాళీ చేయవలసిన సమస్య మళ్లీ ముందుకు వస్తుంది. కాబట్టి అదే సెక్షన్‌లో ఉన్న మరో ఏర్పాటును, అంటే అదే స్థాయి ప్రత్యామ్నాయ వసతి చూపించాలనో దానికి అద్దె కట్టాలనో ఇచ్చే ఆదేశాన్ని, దరఖాస్తులో ముందే కోరడం తెలివైన పని.

ఇక జీతం. 20వ సెక్షన్ కింద తల్లికీ పిల్లలకూ వైద్య ఖర్చులు, పోషణ ఖర్చులు ఇప్పించవచ్చు. అవి చెల్లించకపోతే ఆ వ్యక్తి జీతంలో కొంత భాగాన్ని నేరుగా బాధితురాలికి చెల్లించమనో కోర్టులో జమ చేయమనో యాజమాన్యాన్ని ఆదేశించే అధికారం మెజిస్ట్రేటుకు ఆ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ ఇస్తుంది. కూలి పనులు చేసుకునేవారి కుటుంబాలలో కాగితం మీదనే మిగిలిపోయే ఈ ఆదేశం, నెలనెలా బ్యాంకు ద్వారా జీతమిచ్చే ప్రభుత్వ రంగ కంపెనీ విషయంలో నిజంగా అమలు కాగలదు. సింగరేణి తల్లికి మిగతా ప్రాంతాల తల్లులకు లేని బలం ఇది. దీనికి ఒక పరిమితి కూడా ఉంది: బొగ్గుబాయి కార్మికుడి జీతం మస్టర్ల మీద, అంటే పనికి హాజరైన రోజుల లెక్క మీద ఆధారపడుతుంది, మస్టర్లు పడిపోతే కోతకు మిగిలే జీతమే ఉండదు. గైర్హాజరీ కార్మికులకు కంపెనీ కుటుంబ సభ్యులను కూడా పిలిపించి కౌన్సెలింగ్ నిర్వహించడం ఈ ప్రాంతంలో అందరికీ తెలిసిన సంగతే. ఆ కౌన్సెలింగ్ పనిదినాల గురించి మాట్లాడుతుంది. ఇంట్లో పిల్లల మీద పడుతున్న చేయి గురించి మాట్లాడే వేదిక కోర్టే. పిల్లల పోషణ కోసం భారతీయ నాగరిక సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద వేరుగా కూడా దరఖాస్తు వేయవచ్చు. మనోవర్తి వ్యాజ్యాలలో ఇరుపక్షాలు తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణపత్రం దాఖలు చేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో ఆదేశించింది.

గృహ హింస చట్టం ఇచ్చే కస్టడీ తాత్కాలికమైనది. స్థిరమైన ఏర్పాటు కావాలంటే సంరక్షకులు, సంరక్షితుల చట్టం కింద, కుటుంబ న్యాయస్థానం ఏర్పాటైన చోట దాని ముందు, లేనిచోట జిల్లా కోర్టు ముందు పిటిషన్ వేయాలి. ఆ చట్టం 12వ సెక్షన్ కింద విచారణ పూర్తికాక ముందే బిడ్డను కోర్టు ముందుకు తెప్పించి తాత్కాలికంగా ఒకరికి అప్పగించవచ్చు, 25వ సెక్షన్ కింద సంరక్షకుడి దగ్గర నుంచి తీసుకుపోయిన బిడ్డను తిరిగి రప్పించవచ్చు. ఇది హిందువులకు, ముస్లింలకు, క్రైస్తవులకు అందరికీ వర్తించే చట్టం. ఆయా మతాల వ్యక్తిగత న్యాయాన్ని కూడా కోర్టు పరిగణనలోకి తీసుకుంటుంది గాని, బిడ్డ క్షేమాన్ని దానికి లొంగదీయదు.

హిందూ కుటుంబాలలో తండ్రే సహజ సంరక్షకుడనీ, ఆయన తరువాతనే తల్లి అనీ 1956 చట్టం 6వ సెక్షన్ చెబుతున్న మాటను పట్టుకుని, తండ్రి బతికి ఉండగా తల్లికి ఏ అధికారమూ లేదని పంచాయితీలలో వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. రచయిత్రి గీతా హరిహరన్ వేసిన కేసులో 1999 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదనకు తెరదించింది: తండ్రి జీవించి ఉన్నా బిడ్డ బాగోగులు పట్టించుకోని స్థితిలో ఉంటే, లేదా బిడ్డ బాధ్యత వాస్తవంగా తల్లే మోస్తూ ఉంటే, తల్లి సహజ సంరక్షకురాలిగా వ్యవహరించవచ్చు. ఐదేళ్లలోపు బిడ్డ కస్టడీ మామూలుగా తల్లికే చెందాలని అదే 6వ సెక్షన్ చెబుతున్నది. అయితే మామూలుగా అన్న ఆ మాటను బట్టే, తల్లి దగ్గరే బిడ్డకు ముప్పు ఉందని తండ్రి రుజువు చేస్తే కోర్టు వేరే విధంగా నిర్ణయించవచ్చు.

హాని చేసే పేరెంట్ విషయంలో కోర్టులు ఎట్లా ఆలోచిస్తాయో రెండు తీర్పులు బాగా చూపిస్తాయి. 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన ఒక కేసులో, అమెరికా కోర్టు ఉత్తర్వుకు విరుద్ధంగా తల్లి పిల్లలను భారతదేశానికి తీసుకువచ్చినా, తండ్రి విపరీతంగా మద్యం తాగడం, హింసకు దిగడం రికార్డులో కనిపించినందున పిల్లలను తిరిగి అతనికి అప్పగించడం వారి క్షేమానికి తగదని న్యాయస్థానం భావించింది. 2008లో వచ్చిన మరో కేసులో తల్లి చనిపోగా, ఆమె వరకట్న మరణం కేసులో తండ్రే నిందితుడు. అయినప్పటికీ కింది కోర్టులు సహజ సంరక్షకుడన్న కారణంతో బిడ్డను అతనికి అప్పగించాయి. పెండింగులో ఉన్న క్రిమినల్ కేసును, తండ్రి ప్రవర్తనను తూచకుండా, బిడ్డ అభిప్రాయం అడగకుండా కస్టడీ నిర్ణయించడం చెల్లదని ఆ ఉత్తర్వులను సుప్రీంకోర్టు రద్దుచేయగా, బిడ్డ అమ్మమ్మ తాతల దగ్గరే ఉండిపోయాడు. తగినంత తెలివి వచ్చిన బిడ్డ ఇష్టాన్ని కోర్టు పరిగణించవచ్చని 1890 చట్టమే చెబుతున్నది. న్యాయమూర్తి బిడ్డను తన ఛాంబరులోకి పిలిచి, ఇద్దరు కన్నవారూ లేకుండా మాట్లాడడం అందుకు అనుసరించే పద్ధతి.

కోర్టు దాకా రాకుండా పెద్దమనుషుల పంచాయితీలో, కుల సంఘంలో, ఒక్కోసారి యూనియన్ నాయకుల సమక్షంలో కాగితం రాసుకోవడం గనుల ప్రాంతంలో బలంగా పాతుకుపోయిన అలవాటు. చిన్న తగాదాలలో దీనికి ప్రయోజనం లేకపోలేదు. కాని పిల్లవాడు తండ్రి దగ్గర, పిల్ల తల్లి దగ్గర అని పంచేసే ఒప్పందాలు, లేదా ఇకమీదట కొట్టనని సంతకం పెట్టించి బిడ్డను మళ్లీ అదే ఇంటికి పంపే ఒప్పందాలు న్యాయస్థానాన్ని కట్టివేయలేవు. బిడ్డ క్షేమాన్ని కన్నవారు తమలో తాము ఒప్పందం చేసుకుని వదులుకోలేరన్నది స్థిరపడిన న్యాయం. అటువంటి కాగితం మీద సంతకం పెట్టిన తల్లి, తాను ఒప్పుకున్నాను గనుక ఇక దారి లేదని అనుకోవలసిన పని లేదు. పైగా కొట్టినట్టు అవతలి వ్యక్తి అందులో ఒప్పుకుని ఉంటే ఆ కాగితమే సాక్ష్యంగా పనికివస్తుంది. లైంగిక దాడి వంటి నేరాలను పంచాయితీలో రాజీ చేయడానికి మాత్రం ఎవరికీ ఏ అధికారమూ లేదు.

తండ్రుల విషయానికి వస్తే చట్టం కొంత అసమానంగానే ఉంది. బిడ్డను తల్లి గాని, తల్లితో ఉంటున్న మరో వ్యక్తి గాని హింసిస్తున్నప్పుడు, మహిళల కోసం చేసిన గృహ హింస చట్టం కింద తండ్రి తన పేరుతో దరఖాస్తు వేయలేడు. అతనికి ఉన్న దారులు సంరక్షకత్వ పిటిషన్, తీవ్రమైన సందర్భంలో హైకోర్టులో హెబియస్ కార్పస్, అంటే అక్రమంగా నిర్బంధంలో ఉన్న వ్యక్తిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే రిట్, వీటితో పాటు బాలల సంక్షేమ సమితి. కస్టడీ వివాదాలలో కూడా హెబియస్ కార్పస్ వేయవచ్చని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది గాని, లోతైన విచారణ అవసరమైన చోట హైకోర్టులు పక్షాలను మామూలు కోర్టుకే పంపుతుంటాయి.

బాలల సంక్షేమ సమితి 2015 నాటి బాలల న్యాయ చట్టం కింద ప్రతి జిల్లాకూ ఏర్పడే సంస్థ. ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులతో, కనీసం ఒక మహిళతో పనిచేస్తుంది, దానికి ఫస్ట్ క్లాస్ మెజిస్ట్రేటు అధికారాలు ఉంటాయి. బిడ్డ ఎవరితో నివసిస్తున్నదో ఆ వ్యక్తే ఆ బిడ్డను గాయపరిచినా, దోపిడీ చేసినా, నిర్లక్ష్యం చేసినా, ఆ బిడ్డ సంరక్షణ, రక్షణ అవసరమైన బాలల నిర్వచనంలోకి వస్తుంది. తండ్రి, అమ్మమ్మ, బడి పంతులు, పక్క క్వార్టరువారు, పోలీసు, ఎవరైనా బిడ్డను సమితి ముందుకు తీసుకురావచ్చు, బిడ్డ స్వయంగానూ రావచ్చు. ప్రయాణ సమయం పోగా 24 గంటలలో హాజరుపరచాలి. కన్నవారిద్దరూ ఒకరి మీద ఒకరు నిందలు వేసుకుంటున్న ఇంట్లో, ఇద్దరి దగ్గరా బిడ్డకు భద్రత లేనప్పుడు, తగిన బంధువుకో సంస్థకో అప్పగించే అధికారం ఈ సమితికి ఉండడమే దాని విలువ. కస్టడీ మీద కోర్టులో కేసు నడుస్తున్నప్పుడు సమితులు వెనుకంజ వేయడం సహజమే. అప్పుడు కూడా బిడ్డకు తక్షణ ప్రమాదం ఉందని చూపగలిగితే రక్షణ బాధ్యత సమితిది కాకుండా పోదు. అదే చట్టం 75వ సెక్షన్, బిడ్డ బాధ్యత చేతిలో ఉన్న వ్యక్తి బిడ్డను కొట్టినా, వదిలేసినా, కావాలని నిర్లక్ష్యం చేసినా మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధిస్తుంది. భయం చెప్పడానికి ఒక దెబ్బ వేశానన్న జవాబు కోర్టులలో తరచుగా వినిపిస్తుంది, 12 ఏళ్లలోపు బిడ్డ మేలుకోరి సద్బుద్ధితో చేసిన పనికి న్యాయ సంహిత కొంత మినహాయింపు ఇస్తుంది కూడా. ఎముక విరిగిన దెబ్బకు, కాల్చిన వాతకు ఆ మినహాయింపు ఆసరా కాదు.

లైంగిక హాని ఉన్నప్పుడు మిగతా దారులన్నీ పక్కకు తప్పుకుని లైంగిక నేరాల నుంచి బాలలను కాపాడే, 2012 నవంబరు 14 నుంచి అమలులో ఉన్న పోక్సో చట్టం ముందుకు వస్తుంది. రక్తసంబంధం, దత్తత, వివాహం, సంరక్షకత్వం ద్వారా బంధువైన వ్యక్తి, లేదా ఒకే ఇంట్లో ఉంటున్న వ్యక్తి ఈ నేరం చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా ఈ చట్టం లెక్కిస్తుంది. చొచ్చుకుపోయే లైంగిక దాడి అయితే 2019 సవరణ తరువాత కనీస శిక్ష 20 ఏళ్ల జైలు. నేరం జరిగిందని తెలిసినవారెవరైనా పోలీసుకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం ఆరు నెలల వరకు జైలు పడే నేరం. భర్తను కాపాడుకోవడానికి, పరువు పోతుందన్న భయానికి మౌనంగా ఉండిపోయే తల్లికీ, బిడ్డ చెప్పింది విని దాచిన బడి ప్రధానోపాధ్యాయుడికీ ఈ నియమం ఒకేలా వర్తిస్తుంది. సాధ్యమైనంతవరకు సబ్ ఇన్‌స్పెక్టర్ హోదాకు తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా, బిడ్డ ఇంట్లోనో బిడ్డ కోరుకున్న చోటనో వాంగ్మూలం తీసుకోవాలి. బిడ్డ నమ్మే పెద్దవారు దగ్గర ఉండవచ్చు. బాలికకు వైద్య పరీక్ష మహిళా డాక్టరే చేయాలి. విచారణలో నిందితుడు బిడ్డ కంటపడకుండా ఏర్పాటు ఉండాలి. నిందితుడు అదే ఇంటివాడైనప్పుడు పోలీసు 24 గంటలలో బాలల సంక్షేమ సమితికి తెలియజేయడం, బిడ్డ ఆ ఇంట్లో ఉండవచ్చా లేదా అన్నది సమితి తేల్చడం ఈ చట్టం, దాని నియమాలు కల్పించిన ఏర్పాటు.

కస్టడీ తగాదా మధ్యలో వచ్చే పోక్సో ఆరోపణను కోర్టులు జాగ్రత్తగా పరీక్షిస్తాయి. అవతలివారిని అవమానించడానికో బెదిరించడానికో అబద్ధపు ఫిర్యాదు చేసిన పెద్దలకు 22వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు పడవచ్చు; తప్పు చెప్పిన బిడ్డకు మాత్రం శిక్ష ఉండదు. అందుకని అనుమానం కలిగిన తల్లి గాని తండ్రి గాని బిడ్డను పదేపదే ప్రశ్నించి, ఫోనులో రికార్డు చేసి, జవాబులు నేర్పినట్టు కనిపించే పని చేయడం నిజమైన కేసునే బలహీనపరుస్తుంది. బిడ్డ తనంతట తాను చెప్పిన మాటను, చెప్పిన తేదీతో, అదే మాటలలో రాసిపెట్టుకుని, వెంటనే వైద్యునికి, పోలీసుకు చేరవేయడం మేలు. దెబ్బల కేసులలోనూ ఇంతే. బిడ్డను ఏరియా ఆసుపత్రికి తీసుకువెళ్లినప్పుడు మెట్ల మీద నుంచి పడ్డాడని చెప్పి కట్టు కట్టించుకుని వచ్చే అలవాటు, ఆరు నెలల తరువాత కోర్టులో ఆ తల్లి నోటినే మూయిస్తుంది. కారణం నిజంగా చెబితే వైద్యులు దాన్ని మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు, ఆ పత్రానికి ఉన్నంత బలం పదిమంది బంధువుల సాక్ష్యానికి కూడా ఉండదు.

హాని బాల్యవివాహం రూపంలో వచ్చినప్పుడూ దారి ఉంది: కూతురికి 18 ఏళ్లు నిండకుండా తండ్రి పెళ్లి నిశ్చయిస్తే, 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మెజిస్ట్రేటు దగ్గర నిషేధ ఉత్తర్వు తెచ్చుకోవచ్చు. ఆ ఉత్తర్వును ధిక్కరించి చేసిన పెళ్లి మొదటి నుంచీ చెల్లదు.

ఏ కోర్టుకు పోవాలన్న ప్రశ్న గోదావరి ఒడ్డున ఉన్న కుటుంబాలకు తరచుగా ఎదురవుతుంది, ఎందుకంటే దెబ్బలు తిన్న బిడ్డను తీసుకుని తల్లి నది దాటి మంచిర్యాలలోని పుట్టింటికో, మహారాష్ట్రలో తెలుగువారు ఎక్కువగా ఉన్న సిరొంచకో వెళ్లిపోవడం మామూలే. గృహ హింస దరఖాస్తును ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయవచ్చు, అక్కడ ఇచ్చిన ఉత్తర్వు దేశమంతటా అమలవుతుంది. సంరక్షకత్వ పిటిషన్‌కు మాత్రం బిడ్డ మామూలుగా నివసించే చోటు ముఖ్యం. అది ఎక్కడన్నది సాక్ష్యాలతో తేలవలసిన విషయం గనుక, బిడ్డను కొత్త బడిలో చేర్చిన తేదీ వంటి వివరాలు భద్రపరచుకోవాలి. రామగుండం పోలీసు కమిషనరేట్ పరిధిలో పెద్దపల్లి, మంచిర్యాల జిల్లాలు రెండూ ఉన్నందున నదికి ఇరువైపులా పోలీసు సహాయం ఒకే వ్యవస్థ కిందకు వస్తుంది. విదేశాలలో స్థిరపడిన ఈ ప్రాంతపు పిల్లల విషయంలో పరిస్థితి వేరు: పిల్లలను దేశాలు దాటించడంపై 1980లో కుదిరిన హేగ్ ఒప్పందంలో భారతదేశం చేరలేదు గనుక, విదేశీ కోర్టు ఉత్తర్వును ఇక్కడి కోర్టులు ఒక అంశంగా మాత్రమే చూసి, బిడ్డ క్షేమాన్ని తామే స్వయంగా తేలుస్తాయని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

వకీలు ఫీజుకు డబ్బు లేదని ఆగిపోవలసిన అవసరం లేదు. 1987 నాటి న్యాయ సేవల సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు, బాలలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. బిడ్డ ఆపదలో ఉంటే 1098, మహిళకు 181, వెంటనే పోలీసు కావాలంటే 112. జిల్లా సఖి కేంద్రంలో తాత్కాలిక వసతి, వైద్య సహాయం, న్యాయ సలహా ఒకేచోట దొరుకుతాయి.

కస్టడీ ఉత్తర్వు ఏదైనా శాశ్వతం కాదన్నది చాలామంది పట్టించుకోని సంగతి. పరిస్థితులు మారినప్పుడు ఎవరైనా అదే కోర్టుకు వెళ్లి మార్పు కోరవచ్చు. తాగుడు మానేసి చికిత్స పూర్తి చేసుకున్న తండ్రి బిడ్డను చూడాలని అడిగితే, కోర్టు ఒక్కసారిగా బిడ్డను అతని ఇంటికి పంపదు. మొదట కోర్టు ఆవరణలోనో న్యాయ సేవల సంస్థ కార్యాలయంలోనో మరొకరి సమక్షంలో గంట రెండు గంటలు కలవనిచ్చి, ఆ కలయికలు ఎట్లా సాగుతున్నాయో చూసి, తరువాత పగటిపూట బయటకు తీసుకువెళ్లనిచ్చి, అంతా సవ్యంగా ఉంటేనే రాత్రి బసకు అనుమతించడం ఆచరణలో ఉన్న పద్ధతి. దూరంగా ఉంటున్న పేరెంట్‌కు వీడియో కాల్ ద్వారా మాట్లాడే హక్కును 2020లో సుప్రీంకోర్టు గుర్తించింది. అటువంటి ఏ దశలోనైనా బిడ్డకు మళ్లీ హాని జరిగితే, ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే మధ్యంతర దరఖాస్తు వేసి ఆ కలయికలను అదేరోజు నిలిపివేయమని కోరవచ్చు.